డెస్సావ్ బౌహౌస్: స్కూలు నడిచింది ఆరేళ్లు, గోడలు నిలిచింది వందేళ్లు

లైప్‌జిగ్_శీను

అందరికీ నమస్కారం. పోయిన శనివారం జర్మనీలోని డెస్సావ్ అనే ఊరికి వెళ్లొచ్చాను. ముందురోజు ఆఫీసులో "రేపు బౌహౌస్‌కి వెళ్తున్నా" అంటే పక్క సీటాయన "నాకో తెల్ల పెయింట్ డబ్బా పట్టుకురా" అన్నాడు. జర్మనీలో ఆ పేరుతో మేకులు, రంగులు, డ్రిల్లింగ్ మిషన్లు అమ్మే పెద్ద పెద్ద దుకాణాలున్నాయి లెండి. నేను వెళ్లింది 1926లో కట్టిన ఆర్ట్ స్కూలు చూడటానికి.

స్టేషన్‌లో దిగి కాసేపు నడిస్తే చాలు. మామూలు వీధులు, చెట్లు, సైకిళ్లు. ఉన్నట్టుండి మూడంతస్తుల ఎత్తు అద్దాల గోడ ఎదురవుతుంది. మూల మీద పిల్లర్ లేదు, అద్దం వెళ్లి అద్దాన్నే కలుస్తుంది. పక్కనున్న తెల్లగోడ మీద స్కూలు పేరు నిలువుగా ఉంటుంది. ఆ అక్షరాలు హెర్బర్ట్ బాయర్‌వి. అదే స్కూల్లో చదివి అదే స్కూల్లో మాస్టారైన మనిషి.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం ఒక కిటికీ దగ్గర. గోడకి ఒక చక్రం ఉంది. దాన్ని తిప్పితే గొలుసు కదిలి, వరుసలో ఉన్న కిటికీ రెక్కలన్నీ ఒక్కసారే, ఒకే వాలుతో తెరుచుకుంటాయి. బావి గిలకని చూసిన చిన్నపిల్లాడిలా చూస్తూ ఉండిపోయాను.

అప్పుడు గైడమ్మ చల్లగా ఒక మాట చెప్పింది. బయట మనం చూసిన ఆ అద్దాల గోడ 1926 నాటిది కాదట, 1976లో పెట్టిందట. టికెట్ కొని మరీ నకలు చూసొచ్చానా అని అప్పట్నుంచీ మనసులో ఒకటే పీకులాట. తెలిసినవాళ్లు చెప్పండి.

మాసబ్‌ట్యాంక్_బ్యాచ్

శీనూ, భలే చోటికి వెళ్లావు. నేను ఆర్కిటెక్ట్‌ని. మాకు మొదటి సంవత్సరంలో చుక్క, గీత, రంగు, మెటీరియల్ అంటూ చేయించిన బేసిక్ డిజైన్ క్లాసులన్నిటికీ మూలం ఆ స్కూలే. అప్పట్లో తిట్టుకుంటూ చేశాం.

నీ ప్రశ్న సంగతి తర్వాత, ముందు ఈ కట్టడం అక్కడికెలా వచ్చిందో చెప్తాను. బౌహౌస్ పుట్టింది డెస్సావ్‌లో కాదు. 1919లో వైమార్ అనే ఇంకో ఊళ్లో వాల్టర్ గ్రోపియస్ అనే ఆర్కిటెక్ట్ మొదలుపెట్టాడు. చిత్రకారుడికీ పనివాడికీ మధ్య గోడ ఉండకూడదు, అందరూ వర్క్‌షాప్‌లో చేతులు మురికి చేసుకోవాల్సిందే అనేది ఆయన పట్టు. అక్కడి ప్రభుత్వంలోకి మితవాదులు వచ్చాక స్కూలు గ్రాంటుని సగానికి కోసేశారు. 1925లో స్కూలు మొత్తం మూటాముల్లె సర్దుకుంది.

రమ్మని పిలిచింది డెస్సావ్ మేయర్ ఫ్రిట్స్ హెస్సె. ఆ ఊళ్లో యుంకర్స్ విమానాల ఫ్యాక్టరీ ఉంది, కార్మికులు పోటెత్తుతున్నారు, ఇళ్లు చాలవు. కొత్త రకంగా ఆలోచించే డిజైనర్లు దొరికితే ఊరికే లాభమని ఆయన లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పేమీ కాలేదు, ఊరి చివర టోర్టెన్‌లో గ్రోపియస్ 314 ఇళ్ల కాలనీ కట్టించాడు.

స్కూలు కట్టడానికి డబ్బు నగరపాలక సంస్థది, డ్రాయింగులు గ్రోపియస్ సొంత ఆఫీసువి. ఎందుకంటే ఇంత పేరున్న ఆ స్కూల్లో అప్పటికి ఆర్కిటెక్చర్ శాఖే లేదు! అది 1927లో గానీ రాలేదు. 1925 శరదృతువులో పునాది తీసి 1926 డిసెంబరు 4న ప్రారంభోత్సవం చేసేశారు. వెయ్యిమందికి పైగా వచ్చారు.

సూటిమాట

అంతా బాగుంది అక్కా. కానీ 1926 చివర్లో తెరిచి 1932లో మూసేశారు కదా. ఆరేళ్లు కూడా నిండలేదు. మా ఊరి జూనియర్ కాలేజీ రేకుల షెడ్డులోనే ఇరవై ఏళ్లు నడిచింది, దానికి యునెస్కోవాళ్లు రాలేదే?

రిటైర్డ్_ఈఈ

సూటిమాట గారూ, రేకుల షెడ్డు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

శీను గారికి నా ప్రశ్నలు. ముప్పై ఏళ్లు బిల్డింగులు కట్టించినవాణ్ణి, అందం గురించి నన్నడక్కండి. ఒకటి, పిల్లర్లు అద్దం వెనకాల ఎంత లోపలికి ఉన్నాయి? రెండు, పై కప్పు చదును అంటున్నారు. మంచు పడే దేశంలో చదును స్లాబా? వాటం ఎటు ఇచ్చారు? తూములు ఎక్కడ? నేను ఫోటోలన్నీ వెతికాను, గోడ బయట ఒక్క నీళ్ల పైపు కూడా కనపడలేదు. పిట్టగోడ మీద నుంచి నీళ్లు ఎటు పోతున్నాయి?

లైప్‌జిగ్_శీను

ఈఈ గారూ, పిల్లర్లు నేను గమనించాను. అద్దానికీ పిల్లర్లకీ మధ్య మనిషి దూరేంత ఖాళీ ఉంది. బరువంతా లోపలి కాంక్రీటు ఫ్రేముదే, అద్దాల గోడ ముందు తెరలా వేలాడుతుంది, అంతే.

నీళ్ల సంగతి నిజంగా చూసుకోలేదండీ. ఆ రోజు ఎండ కాసింది.

మాసబ్‌ట్యాంక్_బ్యాచ్

దాన్నే మేం కర్టెన్ వాల్ అంటాం. ఫ్రేము కాంక్రీటు, అద్దం లేని చోట్ల నింపింది మాత్రం మామూలు ఇటుక. మీద తెల్లటి పూత పూశారు. చూసేవాళ్లంతా మొత్తం కాంక్రీటే అనుకుంటారు.

దీన్ని ఒక్క చోట నిలబడి చూస్తే అర్థం కాదు. ఎదురుగా చూడాల్సిన ముఖం అంటూ దీనికి లేదు. వర్క్‌షాపులకి అద్దాల రెక్క. ఊరి సాంకేతిక పాఠశాలకి ఇంకో రెక్క. రెంటికీ మధ్య రోడ్డు మీదుగా వంతెన, అందులో ఆఫీసులు, డైరెక్టర్ గది. ఇంకో పక్క అయిదంతస్తుల్లో విద్యార్థుల గదులు, దాన్ని ప్రెల్లర్‌హౌస్ అంటారు. మొత్తం 28 గదులు, ఒక్కోటీ ఇరవై చదరపు మీటర్ల పైచిలుకు, చాలా వాటికి బుల్లి బాల్కనీ. ఈ బ్లాకునీ వర్క్‌షాపులనీ కలుపుతూ ఒక అంతస్తు భాగం. అందులో సభా మందిరం, స్టేజీ, క్యాంటీన్ వరసగా ఉంటాయి. మధ్య తలుపులు మడిచేస్తే మూడూ కలిసి ఒకటే హాలు. అక్కడి పార్టీలు ఊళ్లో వార్త అయ్యేవి. 1929లో 'లోహాల పండగ' అని చేస్తే అందరూ తగరం, రేకు, చెంచాలు ఒంటికి తగిలించుకుని వచ్చారు.

సభా మందిరంలో కుర్చీలు స్టీలు గొట్టాలతో చేసినవి, మార్సెల్ బ్రాయర్ డిజైన్. ఇవాళ మన బ్యాంకుల్లో, డాక్టరు దగ్గర వెయిటింగ్ హాళ్లలో కూర్చుంటామే, ఆ గొట్టం కుర్చీల ముత్తాతలు అవే. సూటిమాట తమ్ముడూ, రేకుల షెడ్డుకీ దీనికీ తేడా నువ్వే చెప్పు.

సూటిమాట

సరే, కుర్చీ విషయంలో ఒప్పుకున్నాను. నడుంనొప్పి కూడా వాళ్ల ఖాతాలోనే వేస్తాను.

పడుగుపేక

నేను పెద్దగా రాయను, చదువుతుంటాను అంతే. కానీ వర్క్‌షాపులు అనగానే చేయి ఆగలేదు.

మాది పోచంపల్లి వైపు. ఇంట్లో నూలు ఆసు పొయ్యడం, రంగు అంటకూడని చోట దారానికి చిటికి కట్టడం అమ్మా నానమ్మల పని, మగ్గం మీద కూర్చునేది నాన్న. చీర మాత్రం నాన్న నేసిందనే అంటారు. ఆ బౌహౌస్‌లో ఇది ఇంకో రకం. ఆడా మగా అందరూ సమానమే అని మొదట్లో ప్రకటించారు. తీరా ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో చేరేసరికి, చాలామందిని మెల్లగా నేత వర్క్‌షాపుకి తోలారు. విచిత్రమేమిటంటే స్కూలుకి డబ్బు తెచ్చిన వర్క్‌షాపుల్లో నేత ఒకటి. 1927 నుంచి దానికి హెడ్ గుంటా ష్టోల్‌ట్సెల్, ఆ స్కూల్లో అంత పై స్థానానికి వెళ్లిన ఆడమనిషి. 1931లో ఆమె కూడా వెళ్లిపోవాల్సి వచ్చింది.

వాళ్ల పనుల్లో నాకు నిద్ర పట్టనివ్వనిది ఒకటుంది. ఆనీ ఆల్బెర్స్ డిప్లొమా కోసం ఒక హాలు గోడకి గుడ్డ నేసింది. ఒకవైపు చప్పుడు పీల్చుకోవాలి, ఇంకోవైపు వెలుతురు తిప్పి కొట్టాలి. అందుకని పేకలో, అంటే అడ్డదారంలో, సెల్లోఫేన్ వాడింది. సెల్లోఫేన్! బిస్కెట్ ప్యాకెట్ మీద ఉండేలాంటిది. మగ్గం మీద అది ఎంత సతాయిస్తుందో నాకు తెలుసు, జరీకే చేతులు కోసుకుపోతాయి.

అన్నట్టు మారియాన్నె బ్రాంట్ అనే ఆవిడ మాత్రం నేతకి పోనని మెటల్ వర్క్‌షాపులోనే ఉండి, చివరికి దాన్నే నడిపింది. మీ లైప్‌జిగ్ కంపెనీ ఒకటి ఆమె జట్టు డిజైన్ చేసిన టేబుల్ లైట్లు తయారుచేసి అమ్మింది శీను గారూ.

రిటైర్డ్_ఈఈ

అమ్మా, బాగా రాశావు. ఎప్పుడూ రాస్తూ ఉండు.

పాతకాగితాలు

స్కూలు మూతబడటం గురించి ఎవరూ వివరంగా రాయలేదు, నేను అందుకుంటాను.

గ్రోపియస్ 1928లో వెళ్లిపోయాడు. తర్వాత హన్నెస్ మయర్ వచ్చాడు. 'సోకు కాదు, జనానికి కావాల్సింది' అనే ధోరణి. ఆయన హయాంలో వచ్చిన వాల్‌పేపర్లు బౌహౌస్ సరుకులన్నిట్లోకీ బాగా అమ్ముడుపోయాయి. కమ్యూనిస్టు మొగ్గు ఉందని 1930లో ఆయన్ని తీసేశారు. మూడో డైరెక్టర్ మీస్ వాన్ డెర్ రోహ. రాజకీయాలు బయట పెట్టండి, పాఠాలు చదవండి అన్నాడు. రాజకీయాలు వినలేదు.

1931 చివర్లో నగర ఎన్నికల్లో నాజీలు పెద్ద పార్టీ అయ్యారు. 1932 వేసవిలో పౌల్ షుల్ట్సె-నౌంబుర్గ్ అనే ఆర్కిటెక్ట్‌ని వెంటేసుకుని స్కూలు తనిఖీకి వెళ్లారు. చదును కప్పు జర్మన్ కాదు, వాలు కప్పే జర్మన్ అని వాదించే బాపతు ఆయన. తీర్పు ముందే రాసుకుని వెళ్లారన్నమాట. ఆగస్టు 22న కౌన్సిల్‌లో మూసివేతకి ఓటింగ్ పెట్టారు. మేయర్ హెస్సె, కమ్యూనిస్టు సభ్యులు వద్దన్నారు. సోషల్ డెమోక్రాట్లు ఎటూ ఓటెయ్యకుండా కూర్చున్నారు. సెప్టెంబరు ఆఖరుకి తాళం.

మీస్ మిగిలినవాళ్లని తీసుకుని బెర్లిన్‌లో ఒక పాత టెలిఫోన్ ఫ్యాక్టరీలో ప్రైవేటు స్కూలుగా నడిపాడు. 1933 ఏప్రిల్‌లో పోలీసులు వచ్చి సీలు వేశారు. జులైలో మాస్టార్లే కూర్చుని ఇక చాలు అని తీర్మానం చేసుకున్నారు.

అక్కడి విద్యార్థులందరూ మంచివాళ్లు, నాజీలు చెడ్డవాళ్లు అని రెండు ముక్కల్లో తేల్చలేం. నేతలో మేటి అయిన ఓటీ బెర్గర్ 1944లో నాజీల మరణ శిబిరం ఔష్విట్స్‌లో హతమైంది. అదే ఔష్విట్స్ కట్టడాల ప్లాన్లు గీసినవాళ్లలో ఫ్రిట్స్ ఎర్ట్ల్ అని ఇంకో బౌహౌస్ పట్టభద్రుడు ఉన్నాడు.

సూటిమాట

ఇది నాకు తెలియదు. చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

లైప్‌జిగ్_శీను

పాతకాగితాలు గారూ, 1932 తర్వాత ఆ బిల్డింగ్‌ని ఏం చేశారు? కూల్చేద్దామని అన్నారట కదా?

పాతకాగితాలు

అన్నారు, కూల్చలేదు. గట్టి కట్టడం, ఖాళీగా ఉంది, ఏ ప్రభుత్వానికైనా గదులు కావాలి. ఆడపిల్లలకి పని నేర్పే బడి పెట్టారు, నాజీ పార్టీ శిక్షణ స్కూలు పెట్టారు, యుద్ధం వచ్చాక యుంకర్స్ ఆఫీసులు దిగాయి. అంటే 'ఇది జర్మన్ కట్టడమే కాదు' అన్నవాళ్లే వచ్చి అందులో కాపురం పెట్టారు.

1945 మార్చి 7న విమానాలు వచ్చి డెస్సావ్‌ని తగలబెట్టేశాయి. స్కూలుని ఆ ఊరికి రప్పించిన ఫ్యాక్టరీయే బాంబుల్ని కూడా రప్పించింది. అద్దాల రెక్కకి మంటలంటుకున్నాయి, తెర మొత్తం పోయింది. యుద్ధం అయ్యాక హెస్సె మళ్లీ మేయరయ్యాడు, స్కూలుని తిరిగి తెరుద్దామని ప్రయత్నం కూడా జరిగింది. కుదర్లేదు. తర్వాత తూర్పు జర్మనీ పాలకులకి మొదట్లో బౌహౌస్ అంటేనే పడలేదు, అది ఉత్త ఆకార వ్యామోహం అన్నారు.

శీను గారూ, మీరు వెతకాల్సిన ఫోటో ఒకటుంది. అద్దం పోయిన చోట ఇటుక గోడ కట్టి మామూలు కిటికీలు పెట్టిన ఫోటో. అప్పుడు అందులో బడులు నడిచాయి. అచ్చం మన తాలూకాఫీసులా ఉంటుంది. ఆ ఇటుక గోడ కాలం, స్కూలు నడిచిన ఆరేళ్ల కంటే చాలా ఎక్కువ.

మాసబ్‌ట్యాంక్_బ్యాచ్

ఇప్పుడు శీను మొదటి ప్రశ్నకి వస్తాను. అసలా, నకలా?

అరవైల తర్వాత తూర్పు జర్మనీ మనసు మార్చుకుంది, కట్టడాన్ని రక్షిత జాబితాలో చేర్చింది. ప్రారంభోత్సవం జరిగి సరిగ్గా యాభై ఏళ్లకి, 1976 డిసెంబరు 4కి, అద్దాల గోడ మళ్లీ నిలబెట్టారు. కాకపోతే మొదటి ఫ్రేములు స్టీలువి, ఇవి అల్యూమినియంవి. 1996లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆ తర్వాత పదేళ్లు ఇంకో విడత మరమ్మతు చేశారు, పాత పూతల కింద ఏ రంగు ఉందో గోకి గోకి చూసి మరీ. బయట తెలుపూ బూడిదే కానీ లోపల స్లాబు కింద, బీముల మీద ఎరుపు, పసుపు, నీలం. హిన్నెర్క్ షేపర్ వేసిన రంగుల పథకం అది.

కాబట్టి నువ్వు చూసిన అద్దం నకలే. ఫ్రేము, మెట్లు, స్టేజీ అసలువే. నా మటుకు నాకు 1976 అల్యూమినియం కూడా ఇప్పుడు యాభై ఏళ్ల చరిత్రే. దాన్ని పీకి మళ్లీ స్టీలు పెట్టకపోవడం నాకు నచ్చింది.

రిటైర్డ్_ఈఈ

శ్రీకాళహస్తి రాజగోపురం 2010లో కూలింది. అయిదొందల ఏళ్ల నాటిది. ఆ చోటనే కొత్తది కట్టారు. నేను మొన్న వెళ్లి దణ్ణం పెట్టుకున్నాను, ఇది నకలు అని చెయ్యి దించలేదు.

సూటిమాట

మాస్టారూ, గుడి వేరు. అక్కడ దేవుడున్నాడు. ఇక్కడ స్కూలే లేదు కదా, ఎవరికి దణ్ణం పెట్టాలి?

పాతకాగితాలు

గట్టిగానే తగిలింది. దీనికి ఆ ఊళ్లోనే ఇంకో జవాబు ఉంది. స్కూలుకి కాస్త దూరంలో మాస్టార్ల ఇళ్లు. అక్కడ పాఠాలు చెప్పిన చిత్రకారులు కాండిన్‌స్కీ, క్లే ఒకే జంట ఇంట్లో చెరో సగంలో ఉండేవాళ్లు. డైరెక్టర్ ఇల్లు 1945 బాంబులకి పోయింది. 2014లో ఆ చోట కట్టిన ఇల్లు ఉన్నదున్నట్టు కాపీ కాదు. అదే ఆకారం, కానీ కిటికీలు పాలు కలిపినట్టు మసక మసకగా, వివరాలేవీ లేకుండా. పాత ఫోటోని మసక కళ్లతో చూసినట్టుంటుంది. గుర్తుంది కానీ సరిగ్గా గుర్తులేదు అని ఒప్పుకున్న ఇల్లు. నాకు స్కూలు కంటే ఆ ఇల్లే నిజాయితీగా అనిపిస్తుంది.

మాసబ్‌ట్యాంక్_బ్యాచ్

నాకు ఆ ఇల్లు అస్సలు నచ్చదు. మనిద్దరికీ ఇక్కడ పొసగదు, వదిలేద్దాం.

గచ్చిబౌలి_ఏసీ

ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. అద్దాల గోడని ఇంతగా మెచ్చుకుంటున్నారు కదా, నేను పడమటి ఎండ పడే అద్దాల ఆఫీసులో తొమ్మిదో అంతస్తులో పనిచేస్తాను. మేలో మధ్యాహ్నం మూడింటికి బ్లైండ్స్ అన్నీ దించి, లైట్లేసుకుని, ఏసీ 18లో పెట్టి కూర్చుంటాం. వెలుతురు కోసం అద్దం, అద్దానికి అడ్డంగా తెర, తెర వల్ల లైటు. దీనికి మూలపురుషుడు గ్రోపియస్ అయితే ఆయన్ని మా సీట్లో ఒక్క పూట కూర్చోబెట్టాలి.

రిటైర్డ్_ఈఈ

అది నేను మొదటి రోజే అడగాలనుకున్నాను. మన దగ్గర సన్‌షేడ్ లేకుండా కిటికీ పెడితే మేస్త్రీయే తిడతాడు.

మాసబ్‌ట్యాంక్_బ్యాచ్

డెస్సావ్‌లో కూడా అంతే. ఒంటి పొర అద్దం, వేసవిలో ఉడుకు, చలికాలంలో వణుకు. ఆ తరంవాళ్లకి వెలుతురు పిచ్చి. చీకటి గదులు, క్షయ రోగాలు చూసి విసిగిపోయినవాళ్లు వాళ్లు. అది మెచ్చుకోదగ్గదే. చలిదేశంలో పుట్టిన ఆ అద్దాన్ని ఎండదేశానికి తెచ్చి నీడ లేకుండా తగిలించింది మాత్రం మనమే.

గ్రోపియస్ దగ్గర హార్వర్డ్‌లో చదివిన అచ్యుత్ కన్విందే కాన్పూర్ ఐఐటీ కట్టినప్పుడు అద్దాల గోడ తెచ్చాడా? కాంక్రీటు, ఇటుక, నీడనిచ్చే నడవలు. గురువు దగ్గర నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాడు, వదిలేయాల్సింది వదిలేశాడు.

పాతకాగితాలు

మన దేశం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. ఈ బిల్డింగు పుట్టకముందే బౌహౌస్ ఇండియాకి వచ్చింది. 1922 డిసెంబరులో కలకత్తాలో, ప్రాచ్య కళల సంఘం వార్షిక ప్రదర్శనలో క్లే, కాండిన్‌స్కీ, ఫైనింగర్, ఇట్టెన్ లాంటి బౌహౌస్ మాస్టార్ల పనులు పెట్టారు. శాంతినికేతన్‌లో పాఠాలు చెబుతున్న స్టెల్లా క్రామ్‌రిష్ ఉత్తరాలు రాసి తెప్పించింది. ఆ గోడల మీదే అవనీంద్రనాథ్ ఠాగూర్ వాళ్ల బృందం బొమ్మలు కూడా ఉన్నాయి.

ఇంకో సంగతి, ఇది పాత కథ అనుకోకండి. 2024 అక్టోబరులో డెస్సావ్ ఉన్న రాష్ట్ర అసెంబ్లీలో ఏఎఫ్‌డీ అనే అతి మితవాద పార్టీ బౌహౌస్‌ని 'ఆధునికత పట్టిన తప్పుదారి' అంటూ నూరేళ్ల పండగ మీద తీర్మానం పెట్టింది. మిగతా పార్టీలు ఒప్పుకోలేదు.

పడుగుపేక

రాత్రి అక్కడ ఉండొచ్చని ఎక్కడో చదివాను, నిజమేనా? ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తే ఇబ్బందా?

లైప్‌జిగ్_శీను

నిజమేనండీ. ప్రెల్లర్‌హౌస్‌లో విద్యార్థులు ఉన్న గదులే అద్దెకిస్తారు. ఒక మంచం, ఒక బల్ల, పెద్ద కిటికీ. బాత్రూములు మాత్రం నడవలో, అందరికీ కలిపి. మన హాస్టల్ రోజులే.

ఈ చర్చ చదివాక ఆగలేక నిన్న మళ్లీ వెళ్లి ఒక రాత్రి ఉన్నాను. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపించారు, ఎవరి మానాన వాళ్లున్నారు. తెల్లవారి లేచేసరికి బాల్కనీ ఎదురుగా ఆ అద్దాల గోడ, లోపల ఎవరో ఒకాయన తుడుపు కర్రతో నేల తుడుస్తున్నాడు. నకలో అసలో, నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఈఈ గారూ, ఈసారి వాన పడింది! గొడుగేసుకుని బిల్డింగ్ చుట్టూ తిరిగాను. మీరన్నట్టే గోడ బయట ఒక్క పైపు లేదు. లోపలికెళ్లి అడిగితే చెప్పారు. కప్పు మీద నీళ్లు లోపలికే వాటం, అక్కడి నుంచి పోత ఇనుప పైపుల్లో బిల్డింగ్ లోపలి నుంచే కిందికి. గ్రోపియస్ దీన్ని గొప్పగా రాసుకున్నాడట కూడా. మనుషులు నడిచే చోట కప్పు మీద పీట్ మట్టితో చేసిన పలకలు పరిచి, వాటి మీద తారు పలకలు వేసి అతుకులు కరిగించి మూశారట.

రిటైర్డ్_ఈఈ

చాలా సంతోషం బాబూ, వానలో తడిసి మరీ కనుక్కున్నావు. లోపలి పైపా! సరే. మరి శరదృతువులో ఆ చెట్ల ఆకులు రాలి పైపు నోట్లో పడితే ఎవరు తీస్తారు? ఎన్నాళ్లకోసారి తీస్తారు?

లైప్‌జిగ్_శీను

అక్టోబరులో మళ్లీ వెళ్తానండీ.